సందు పళ్ళు: పుట్టుకతో వచ్చినవా, నడుమ వచ్చినవా?

ముందుపళ్ళ నడుమ ఎడముంటే మన ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలలో 'సందు పళ్ళు' అంటారు. అదృష్టచిహ్నమని చెప్పి సంతోషించేవారూ ఉన్నారు. 'సందు' అనునది సంస్కృతమందలి 'సంధి' శబ్దానికి వికృతి. సంధి యనగా కలయిక. రెండు వస్తువులు కలిసేచోట మిగిలిన ఖాళీయే తెలుగులో సందు అయినది. కలయికను చెప్పిన మాటే ఎడబాటును చెప్పుట చిత్రమే! ఈ ఎడమునే సంస్కృతంలో 'విరళము' అంటారు. మనం నిత్యం వాడే 'అవిరళ కృషి'లోని అవిరళమునకు సందు లేనిదనియే అర్థం.

చాలా ఏండ్ల క్రిందట ఉదయగిరి వైపు నుండి ఒక రైతు కడుపునొప్పికి మందు కోసం వచ్చి, వెళ్తూ వెళ్తూ, "అయ్యా, పళ్ళు ఎడమైనాయి. అదృష్టమంటారు గదా?" అన్నాడు. నేనూ నవ్వి అవునన్నాను. ఆ ఎడము ఎప్పటినుండి ఉన్నదో అడగలేదు. మరుసటి ఏడు వచ్చేసరికి రెండు పళ్ళు ఊడిపోయినవి. చిగుళ్ళలో చీము, రక్తంలో చక్కెర. ఆ తప్పు నాదే.

సుశ్రుతుడు నిదానస్థానం 16వ అధ్యాయంలో 'ఉపకుశము'ను వర్ణించాడు. చిగుళ్ళు మండి, పాకమై, నెత్తురు కారి, దంతములు కదులును. వయసు వచ్చాక కొత్తగా ఏర్పడే సందుకు తరచుగా కారణం ఇట్టి చిగుళ్ళ వ్యాధియే. మధుమేహం ఉన్నవారిలో ఇది మరీ త్వరగా ముదురుతుంది. వీరు దంతవైద్యునికి చూపించుకొని, చక్కెర పరీక్ష చేయించుకొనవలెను. త్రిఫలా కషాయంతో పుక్కిలించుట, నువ్వులనూనెతో గండూషం పట్టుట చిగుళ్ళకు మేలే గాని, అవి ఆ చికిత్సకు తోడు మాత్రమే. ఊడబోయే పంటిని నూనె నిలబెట్టదు. వేపపుల్ల వాడేవారు కుంచెవలె మెత్తగా నమలి వాడాలి, చిగురును గీరరాదు.

పిల్లల సంగతి వేరు. పాలపళ్ళ నడుమ ఎడముండుట మంచిదే, రాబోయే పెద్దపళ్ళకు అది చోటు. ఏడెనిమిదేండ్లకు కనబడే ముందుపళ్ళ సందు, కోరపళ్ళు దిగాక చాలామందిలో తానే మూసుకొంటుంది. తొందరపడి దారమో రబ్బరుబ్యాండో కట్టవద్దు. రబ్బరు చిగురులోనికి జారి, వేరుచుట్టూ ఎముకను తినివేసి, మంచి పంటినే ఊడగొడుతుంది.

ఇప్పుడు ఎవరైనా సందు పళ్ళతో వస్తే, ఇంట్లో పాత పెళ్ళిఫోటో ఉంటే తెమ్మంటాను. అందులో ఆ సందు ఉన్నదో లేదో ముందు చూస్తాను.