వదులు చెక్క రహస్యం

కుండల దొంతర చూసి పెరిగినవాళ్లకు జెంగా ఆటను వివరించడం కష్టం కాదు. అడుగున పెద్దది, దానిమీద చిన్నది, ఆపైన ఇంకా చిన్నది. కావలసిన సరుకు మాత్రం ఎప్పుడూ నడిమి కుండలోనే ఉంటుంది. పైవాటిని దించే ఓపిక లేక ఆ నడిమిదాన్ని కదిలించిన పిల్లవాడికి తర్వాత ఏం జరుగుతుందో బాగా తెలుసు. జెంగా చేయమనేది అచ్చంగా ఆ పనే. 54 చెక్కదిమ్మలను వరుసకు మూడు చొప్పున 18 వరుసలుగా పేరుస్తారు. ఒక వరుస నిలువుగా ఉంటే దానిపై వరుస అడ్డంగా ఉంటుంది. ఆటగాడు కింది వరుసల్లోంచి ఒంటిచేత్తో ఒక దిమ్మను లాగి, గోపురం నెత్తిన పెట్టాలి. ఎవరి చేతిలో కూలితే వారు ఓడినట్టు.

బల్ల ఆటలను గంభీరంగా ఆడేవారిలో చాలామందికి దీనిమీద చిన్నచూపు ఉంది. చెయ్యి వణక్కపోతే చాలు, బుర్రతో పనేముంది అంటారు. ఈ అభిప్రాయంతో నేను ఏకీభవించను. వణకని చెయ్యి అనేది అసలు లేనే లేదు. ఎంత ఆరోగ్యవంతుడి చెయ్యి అయినా సెకనుకు 8 నుంచి 12 సార్లు సన్నగా కంపిస్తూనే ఉంటుంది. ఆటలో తేడా వచ్చేది మరోచోట. చదరంగంలో పావులన్నీ ఇద్దరి కళ్లెదుటే ఉంటాయి. జెంగాలో అసలు సమాచారం చెక్కల నడుమ దాగి ఉంటుంది. దాన్ని వేలితో తాకి రాబట్టుకోవాలి.

ఆటకు రూపమిచ్చిన లెస్లీ స్కాట్ తూర్పు ఆఫ్రికాలో పెరిగిన బ్రిటిష్ మహిళ. 1970ల తొలినాళ్లలో ఆమె కుటుంబం ఘనాలో ఉండగా, తకోరాడిలోని ఒక కోతమిల్లు నుంచి తెచ్చుకున్న చెక్కముక్కలతో ఇంటిల్లిపాదీ ఆడుకునేవారు. దాన్నే ఆమె 1983లో లండన్ బొమ్మల ప్రదర్శనలో అమ్మకానికి పెట్టారు. స్వాహిలీ భాషలో ‘కుజెంగా’ అంటే కట్టడం. ‘జెంగా’ అంటే ‘కట్టు’ అని ఆజ్ఞ. పునాది ఊడబెరికే ఆటకు ఈ పేరేమిటని మొదట నవ్వొస్తుంది కానీ, నిజానికి గోపురం ప్రతి మూడు ఎత్తులకూ ఒక అంతస్తు చొప్పున పైకి లేస్తూనే ఉంటుంది.

ఒక్కో దిమ్మ పొడవు 7.5 సెంటీమీటర్లు, వెడల్పు 2.5, మందం 1.5. ఇవి కాగితం మీది కొలతలు. చేతికొచ్చే దిమ్మల్లో ఏ రెండూ అచ్చంగా ఒక్కలా ఉండవు. మిల్లీమీటరులో చిన్న భాగమంత తేడా ఉంటుంది, అదీ కావాలని ఉంచినదే. ఆట మొత్తం ఆ తేడా మీదే నడుస్తుంది. ఒక వరుసలో నడిమి దిమ్మ వెంట్రుకవాసి మందంగా ఉంటే పైబరువును చాలావరకు అదే మోస్తుంది, పక్కవి రెండూ వదులవుతాయి. పక్కవి మందంగా ఉంటే నడిమిది వదులవుతుంది. మూడూ సరిసమానంగా ఉంటే మూడింటి మీదా బరువు పడి, వేలికి ఏదీ తేలిగ్గా లొంగదు. కొలత తప్పని చెక్కలతో గోపురం కడితే అది చూడ్డానికి అందంగా ఉంటుందేమో, ఆడ్డానికి మాత్రం పనికిరాదు.

ఈ తేడా ఎంత పెద్దదో ఒక అంచనా వేసుకుందాం. చెక్క సాంద్రత ఘన సెంటీమీటరుకు 0.6 గ్రాములు అనుకుంటే ఒక దిమ్మ 17 గ్రాములు తూగుతుంది. అట్టడుగు వరుస మీద ఉన్న 51 దిమ్మల బరువు సుమారు 870 గ్రాములు. ఆ బరువంతా ఒక్క దిమ్మ మీదే పడిందనుకుందాం. చెక్కకూ చెక్కకూ మధ్య ఘర్షణ గుణకం 0.4 అయితే, పైతలం దగ్గరా కింది తలం దగ్గరా కలిపి ఆ దిమ్మను కదల్చడానికి దాదాపు 700 గ్రాముల బరువుకు సమానమైన బలం కావాలి. దాని పక్కనే బరువు మోయకుండా కూర్చున్న దిమ్మకు 7 గ్రాముల బలం చాలు. నూరింతల తేడా! అయినా చూపుకు రెండూ ఒకేలా కనిపిస్తాయి. బిగువు దిమ్మను లాగితే మరో ప్రమాదం ఉంది: ఘర్షణ పైవరుసను కూడా తనతో పాటు ఈడ్చుకొస్తుంది.

పైగా ఈ బరువుల పంపకం స్థిరంగా ఉండదు. పైన ఒక దిమ్మను కొద్దిగా ఎడమవైపుకు పెడితే గోపురం అణువంత అటు ఒరుగుతుంది, కుడివైపు దిమ్మలు కొన్ని వదులవుతాయి. పోయినసారి మొండికేసిన దిమ్మ ఈసారి మెత్తగా జారి రావడంలో మాయ ఏమీ లేదు. అందుకే అనుభవం ఉన్నవారు ప్రతి ఎత్తులోనూ మళ్లీ మొదటినుంచి తట్టి చూస్తారు.

ఏ దిమ్మను తీయాలన్నది వేరే లెక్క. ఇక్కడే ఆట నాకు బాగా నచ్చుతుంది. గోపురం నిలవాలంటే ప్రతి వరుసపైనా ఉన్న భాగపు గరిమనాభి నుంచి గీసిన నిట్టనిలువు గీత ఆ వరుస ఆధారాల మధ్యలోనే పడాలి. నడిమి దిమ్మను తీస్తే అంచుల్లోని రెండూ మిగులుతాయి; ఆధారం వెడల్పు మునుపటిలా 7.5 సెంటీమీటర్లే. మధ్యనుంచి అటూ ఇటూ 3.75 సెంటీమీటర్ల వెసులుబాటు చెక్కుచెదరదు. అదే ఒక పక్క దిమ్మను తీస్తే, ఆ పక్కన వెసులుబాటు ఒక్కసారిగా 1.25 సెంటీమీటర్లకు పడిపోతుంది. రెండో పక్కదీ తీస్తే రెండువైపులా అంతే. మరైతే అందరూ నడిమివే తీయొచ్చు కదా? తీయొచ్చు, కానీ నడిమిది పోయిన వరుసలో ఇక చెయ్యి పెట్టడానికి లేదు. ఆ వరుస ఇచ్చేది ఒక్క దిమ్మే. పక్కవి తీస్తే రెండు ఇస్తుంది. భద్రత కావాలంటే ఎత్తు వదులుకోవాలి, ఎత్తు కావాలంటే భద్రత వదులుకోవాలి.

ఎత్తులో చెప్పుకోదగ్గది 1985లో రాబర్ట్ గ్రెబ్లర్ కట్టిన గోపురం: 40 పూర్తి అంతస్తులు, 41వ దానిలో రెండు దిమ్మలు. కాగితం, కలం తీసుకుంటే దాని లోగుట్టు తెలుస్తుంది. 54లో పైనున్న రెండూ, వాటి కింది నిండు వరుసలోని మూడూ పోగా మిగిలినవి 49 దిమ్మలు. అవి 39 వరుసలను నిలబెట్టాలి. ఏ లెక్కన సర్దినా కనీసం 29 వరుసలు ఒంటి దిమ్మ మీద నిలిచి ఉండక తప్పదు. సుమారు 60 సెంటీమీటర్ల ఎత్తు, దానికి కిందెక్కడో 2.5 సెంటీమీటర్ల నడుము! రెండున్నర డిగ్రీలు ఒరిగితే చాలు, కథ ముగిసేది.

ఇంత లెక్క ఆటగాడు మనసులో వేస్తాడా? వేస్తాడు, అంకెలు లేకుండా వేస్తాడు. ఆరున్నర నెలల పసివాళ్లే, అంచున కొద్దిగా మాత్రమే ఆని ఉన్న పెట్టె పడకుండా నిలిస్తే వింతగా ఎక్కువసేపు చూస్తారని రెనే బయార్జాన్ ప్రయోగాలు చూపాయి. 2016లో జేసన్ ఫిషర్, నాన్సీ కన్విషర్ బృందం దిమ్మల గోపురాల వీడియోలు చూపి, ఇది ఎటు కూలుతుందని అడుగుతూ మెదడును చిత్రీకరించింది. ఆ ప్రశ్నకు చురుగ్గా స్పందించిన ప్రాంతాల్లో, చేతి కదలికలను ముందుగా సిద్ధం చేసుకునే ప్రాంతాలు కూడా ఉన్నాయి. కూలడాన్ని ఊహించడానికీ, చెయ్యి చాచడానికీ మెదడులో దగ్గరి చుట్టరికం ఉందన్నమాట. ఇక వేలికొస సంగతి: రోలండ్ జొహాన్సన్, ఓకే వాల్బో 1979లో ఇచ్చిన లెక్క ప్రకారం అక్కడ చదరపు సెంటీమీటరుకు సుమారు 240 స్పర్శ నాడీతంతువులు ఉంటాయి. ఆ 7 గ్రాములకూ 700 గ్రాములకూ మధ్య తేడాను పసిగట్టేది అవే.

యంత్రానికి ఇది ఎంత కష్టమో 2019లో ఎంఐటీ పరిశోధకులు చేసిన రోబో చెబుతుంది. నీమా ఫజేలీ, ఆల్బెర్టో రోడ్రిగ్స్ బృందం దానికి కెమెరాతో పాటు, మణికట్టు దగ్గర బలాన్ని కొలిచే పరికరాన్నీ అమర్చింది. సుమారు 300 ప్రయత్నాల్లోనే అది నేర్చుకుంది. ఎలాగంటే, ఎదురైన అనుభవాలను ‘కదిలేవి’, ‘మొండికేసేవి’ వంటి గుంపులుగా విడదీసుకుని. చదరంగంలో ప్రపంచ విజేతను కంప్యూటరు 1997లోనే ఓడించిందన్న సంగతి గుర్తుంటే, బుర్రతో పనేముంది అన్నవారికి ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

ఆటలో లోపాలు లేవనను. ఓడినవాడు ఒక్కడు కనిపిస్తాడు, గెలిచినవాడెవరో తేలదు. కూలిన ప్రతిసారీ మళ్లీ పేర్చడం విసుగు. ఈ లోపాల్లో మొదటిదాన్ని జర్మనీ ఆటలు చక్కగా దిద్దాయి. క్లాస్ జోక్ 1987లో తెచ్చిన ‘బౌసాక్’ సంచిలో గుడ్డు, గిన్నె, గరాటు లాంటి వింత ఆకారాల చెక్కలుంటాయి. ఎవరి గోపురం వారిదే. ఎబ్బెట్టు ముక్కను వద్దనడానికి గింజలు చెల్లించాలి. ఒక ఆకారం నిలుస్తుందా లేదా అన్న భౌతికశాస్త్ర ప్రశ్నకు ఇక్కడ వేలంపాటలో ధర పలుకుతుంది! స్తంభాలను కిందినుంచి పైకి చేర్చే ‘విల్లా పాలెట్టి’కి 2002లో జర్మనీ ‘ఈ ఏటి ఆట’ పురస్కారం దక్కింది. అప్పుడు పోటీలో ఉన్నది వ్యూహకారులకు ఆరాధ్యమైన ‘పోర్టో రికో’. ఆ తీర్పు చాలామందికి మింగుడుపడలేదు. నాకైతే అది తప్పనిపించదు.

కోస్తాలో ఉండేవారికి చివరగా ఒక మాట. చెక్క తేమను పీలిస్తే ఉబ్బుతుంది. పొడవునా దాదాపు ఏమీ పెరగదు, పెరిగేది అడ్డంగానే. అందులోనూ, వయసు వలయాల వెంబడి పెరిగేంతగా వాటికి అడ్డంగా పెరగదు. కోతలో ఒక్కో దిమ్మకు వలయాలు ఒక్కో దిశలో పడతాయి కాబట్టి, తేమకు అన్నీ సమానంగా మందం పెరగవు. వైశాఖంలో వేలు తగలగానే జారివచ్చిన దిమ్మను గుర్తుపెట్టుకుని, శ్రావణమాసపు ముసురులో మళ్లీ అదే దిమ్మను ధీమాగా నెట్టి, నేను రెండుసార్లు గోపురాన్ని నేలపాలు చేశాను.