వేలికొసన అంకె ఎవరి కొలత?

2021 మే నెలలో మా నాన్న వేలికి పల్స్ ఆక్సీమీటర్ తొడిగితే 95 చూపింది. ‘ఊపిరి అందడం లేదురా’ అని ఆయన అంటూనే ఉన్నారు. నలభై ఏళ్లు ఎండలో కూలి చేసిన మనిషి మాటకన్నా, పీహెచ్‌డీ చేసిన నేను ఆ అంకెనే నమ్మాను. మర్నాడు ఆస్పత్రిలో మత్తు వైద్యుడొకరు ధమని రక్తం తీసి పరీక్షించి, వెంటనే ఆక్సిజన్ పెట్టించారు. నాన్న బతికారు. ఆనాటి తేడాకు ఆయన చర్మం రంగే కారణమని నేను చెప్పలేను. కానీ ఆ సందేహం నన్ను వదలలేదు.

మత్తు వైద్యుడంటే నిద్రపుచ్చే మనిషి అనుకుంటాం. స్పృహలో లేని వ్యక్తి ఊపిరికీ గుండెకూ కాపలా కాయడం ఆ వృత్తిలో అసలు పని. నోరు విప్పలేని శరీరాన్ని అంకెల్లో చదవాలి కనుక, ఆ అంకెలు నిజమేనా అని పరీక్షించడమూ ఆ శాస్త్రంలో భాగమైంది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఫిలిప్ బిక్లర్, జాన్ సెవరింగ్‌హాస్ తదితర పరిశోధకులు ఆరోగ్యవంతులైన వాలంటీర్ల చేత ఆక్సిజన్ తక్కువున్న గాలి పీల్పించి, ధమని రక్తం ఫలితాన్ని ఆక్సీమీటర్ అంకెతో పోల్చారు. ఆక్సిజన్ బాగా తగ్గినప్పుడు, ముదురు చర్మం ఉన్నవారిలో పరికరం ఉన్నదానికన్నా ఎక్కువ చూపుతోందని 2005లోనే ప్రచురించారు. చర్మం గుండా కాంతిని పంపి లెక్కగట్టే యంత్రానికి మెలనిన్ అడ్డొస్తుంది.

ఆ హెచ్చరికకు కదలిక రావడానికి కోవిడ్ రావలసి వచ్చింది. 2020 డిసెంబరులో మిషిగన్ విశ్వవిద్యాలయ వైద్యులు తమ లెక్కలు వెల్లడించారు. ఆక్సీమీటర్ 92 నుంచి 96 శాతం చూపిన సందర్భాల్లో, రక్తంలో నిజంగా 88 శాతంకన్నా తక్కువున్నవి తెల్లవారిలో 3.6 శాతం, నల్లవారిలో 11.7 శాతం. అమెరికా ఎఫ్‌డీఏ 2013 మార్గదర్శకాల ప్రకారం పదిమందిపై పరీక్షిస్తే చాలు. వారిలో ఇద్దరు ముదురు చర్మం వారుండాలి. పరీక్షకు కనీసం 150 మంది ఉండాలన్న ముసాయిదా 2025 జనవరిలో గానీ రాలేదు.

కులమంటే చర్మం రంగు కాదు. నల్లజాతి అనుభవాన్ని మనకు యథాతథంగా అతికించలేం. కానీ నిష్పాక్షికమని చెప్పుకునే ప్రతి కొలతనూ అడగవలసిన ప్రశ్న ఒకటే: ఎవరిని ప్రమాణంగా తీసుకున్నారు? నీట్ పీజీ ర్యాంకునూ ఇదే అడగాలి. పోటీ పరీక్షల మార్కులు కొన్ని వర్గాలకు దక్కిన సామాజిక, ఆర్థిక అనుకూలతలను చూపించవని, ప్రతిభకు రిజర్వేషన్లు విరుద్ధం కావని 2022 జనవరిలో సుప్రీంకోర్టే చెప్పింది.

మన దేశంలో ఎండీ అనస్థీషియా విద్యార్థి మూడేళ్ల శిక్షణలో ఒక థీసిస్ సమర్పించాలి. ఎండలో పనిచేసే మన కూలీల వేళ్లపై ఈ పరికరం ఎంత నిజం చెబుతోందన్నది అందుకు తగిన అంశం. ఆ ప్రశ్న ఎవరైనా వేయవచ్చు. కానీ వచ్చిన జవాబును పదిహేనేళ్లు మూలన పడేయకుండా పట్టుబట్టేందుకు, ఆ నష్టాన్ని ఇంట్లో చూసినవారు విభాగాల్లో, నైతిక సంఘాల్లో, నియంత్రణ సంస్థల్లో ఉండాలి. రిజర్వేషన్లను సీట్ల లెక్కగా మాత్రమే వాదించేవారు ఈ సంగతి మరిచిపోతున్నారు. ఇక్కడ అమ్మే ప్రతి ఆక్సీమీటర్ పెట్టెపైనా దాన్ని ఎలాంటి చర్మం ఉన్నవారిపై పరీక్షించారో ముద్రించాలి. వైద్య విద్యార్థులు ఈ డిమాండును తమదిగా చేసుకోవాలి.