చేతులు కదలనివారికి కంప్యూటరు

మెడయందు వెన్నుపాము దెబ్బతినినవారికి చేతులు చచ్చుబడవచ్చును. కండరములను నడుపు నాడీకణములు క్రమముగా నశించు మోటారు న్యూరాను వ్యాధియందును ఇట్లే జరుగును. చేతులు పోయినంతమాత్రమున బుద్ధి పోదు. ఈ సంగతి మరచి, ఇంటివారే రోగికి బదులుగా అన్నియు నిర్ణయించుట కద్దు. అట్టివారు తమ మాట తామే చెప్పుకొనుటకు నేడు మూడు మార్గములు కలవు.

మొదటిది కంఠస్వరము. తెరపైని గుర్తులకు కంప్యూటరు అంకెలు వేయును. ఆ అంకెతో ఆజ్ఞ పలికినచో వ్రేలితో నొక్కినట్లే యగును. ఈ సౌకర్యము పెక్కు ఫోనులయందు ఉచితముగా లభించుచున్నది. తెలుగు పలుకులను విని అక్షరములుగా వ్రాయు ఫోనులును కలవు. గదిలో టెలివిజను మ్రోగుచుండిన పొరపాట్లు హెచ్చును.

రెండవది ముఖము. కెమేరా తల కదలికను గమనించి తెరపైని బాణపు గుర్తును జరుపును. కనుబొమలెత్తుట, నోరు తెరచుట మున్నగువానిని నొక్కుటకు సంజ్ఞలుగా ఏర్పరచుకొనవచ్చును.

మూడవది చూపు. పరికరము కంటికి కనబడని పరారుణ కాంతిని కంటిపై ప్రసరింపజేయును. ఆ కాంతి మెరయు చోటును, కనుపాప నడిమి భాగమును పోల్చి, చూపు ఎచ్చట నిలిచినదో లెక్కగట్టును. ఒక అక్షరముపై కొద్దిసేపు చూపు నిలిపినచో అది తెరపై వ్రాయబడును. తెరపైని చుక్కలను వరుసగా చూచి పరికరమును ముందుగా సరిచేసికొనవలెను. ఎండ నేరుగా పడరాదు. కన్నులు అలసినపుడు విశ్రాంతి అవసరము.

భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్‌కు 1963లో, 21వ ఏట, మోటారు న్యూరాను వ్యాధి బయటపడెను. 1985లో శ్వాసనాళమునకు జరిగిన శస్త్రచికిత్సతో మాట పోయెను. వ్రేళ్లును తప్పిన పిమ్మట, కళ్లజోడునకు అమర్చిన పరికరము ఆయన చెంప కదలికను పసిగట్టెడిది. దానితోనే ఆయన రచనలు, ఉపన్యాసములు సాగించెను. 2018లో మరణించెను. ఆయనకై ఇంటెల్ సంస్థ రూపొందించిన సాధనము 2015లో అందరికిని ఉచితముగా విడుదలయ్యెను.

వ్యాధి ముదురునది యైనచో, మాట పూర్తిగా పోవువరకు వేచియుండరాదు. మాట్లాడగలిగినపుడే రోగి కంఠమును రికార్డు చేసి భద్రపరచవలెను. చూపుతో వ్రాయుటయు అప్పుడే అభ్యసింపజేయవలెను. చెంప, కనురెప్ప, కంఠము—వీనిలో ఏది స్వాధీనమున నున్నదో వైద్యునిచేత పరీక్షింపజేసి, దానికి తగిన సాధనమును ఎన్నుకొనవలెను.

రోగి ఒక్కొక్క అక్షరమే వ్రాయుచున్నపుడు ఇంటివారు ఓపిక వహించవలెను. అతని వాక్యమును తామే పూర్తి చేయరాదు. కరెంటు లేనపుడు మాట ఆగిపోకుండుటకై, పైకి చూచిన “అవును”, క్రిందికి చూచిన “కాదు” అను సంకేతములను ముందుగానే రోగితో కలసి నిర్ణయించుకొనవలెను.