బావి మీద ఊగే కాపురాలు

నాట్లు పడ్డాక కరీంనగర్ చుట్టుపక్కల పొలాల్లో తిరిగితే పాత వ్యవసాయ బావులు ఇంకా అక్కడక్కడా తగులుతాయి. మోట పోయి మోటారొచ్చి, చివరికి బోరు పడ్డాక ఎవరికీ పట్టనివి. ఒడ్డున ఓ తుమ్మో ఈతచెట్టో నీళ్ల మీదికి వంగి ఉంటుంది. దాని కొనకొమ్మలకు వరసగా గిజిగాడి గూళ్లు. రైతుకు అక్కర తీరిన బావే ఈ పిట్టకు కోట. పైన ముళ్లు, కింద నీళ్లు, మధ్యలో వేలాడే గొట్టం. పాము కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలి.

గూడు కనబడితే గిజిగాడిని పసిపిల్లలైనా గుర్తుపడతారు. చిక్కల్లా గూడు లేనప్పుడే. పిట్ట పొడవు 15 సెంటీమీటర్లు. వానాకాలంలో మగదాని నెత్తి పసుపు పూసినట్టుంటుంది, చెంపలు ముదురు గోధుమరంగు, ముక్కు నల్లబారుతుంది. వానలు వెనకబట్టాక ఆ వేషం కాస్తా తీసేస్తుంది. అప్పుడు మగా ఆడా తేడా తెలియదు, రెండూ ఆడ ఊరపిచ్చుకల్లాగే ఉంటాయి. ముక్కు చూడండి: మొదట్లో పిచ్చుక ముక్కుకన్నా లావు. తోక పొట్టి. కంటిపైన లేతపసుపు చార. రొమ్ము మీద నల్లగీతలు దట్టంగా ఉంటే అది దీని చుట్టమైన గీతల గిజిగాడు, చెరువుల్లో జమ్ము మధ్య గూడు కడుతుంది. పాట సంగతి అడక్కండి. చిట్‌చిట్‌మని మొదలుపెట్టి, ఈల వేయబోయి గొంతు బొంగురుపోయినట్టు ముగిస్తుంది. అయినా చెట్టు నిండా మగపిట్టలు రెక్కలు కొట్టుకుంటూ ఒక్కసారే అందుకుంటే చేను దద్దరిల్లుతుంది.

ఈ కాపురాల గుట్టు విప్పినవాడు పక్షిశాస్త్రవేత్త సలీం అలీ. 1930లో ఉద్యోగం లేక బొంబాయి దగ్గరి కిహిమ్ తీరంలో ఉన్నప్పుడు, ఇంటి పక్క చెట్టు మీది గూళ్లను పట్టి చూశాడు. ఆ మరుసటేడు నిజాం ప్రభుత్వ సాయంతో హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వేకు దిగాడు. కరీంనగర్, ఆదిలాబాద్ అప్పుడు ఆ సంస్థానంలోవే.

ఆయన చూసింది ఇదీ. ఇల్లు కట్టేది మగది, ఒప్పుకోవలసింది ఆడది. వరి ఆకు అంచుకు ముక్కుతో గాటు పెట్టి, కొస కరచుకుని ఎగురుతుంది మగది. ఆకు నిలువునా చీలి దారంలా వచ్చేస్తుంది. తాటికమ్మ నుంచీ ఇంతే. ఒక్కో గూటికి ఇలా వందలసార్లు, ఒక్కోసారి 500 దాకా తిరగాలి. కొమ్మకు ముడి, ముడికింద కడియం, దానిమీద టోపీలాంటి సగం గూడు. ఇక్కడికి దాదాపు 8 రోజులు. లోపల తడిమట్టి మెత్తుతుంది. ఆ మట్టిలో మిణుగురులను గుచ్చి దీపం పెట్టుకుంటుందన్నది మాత్రం కథే.

సగం గూళ్లు సిద్ధమయ్యాక ఆడపిట్టలు వస్తాయి. ఎక్కి, దూరి, పీకి చూస్తాయి. నచ్చితేనే మగది గుడ్ల అర ముగించి, కిందికి గొట్టం దించుతుంది. ఆడది రెండు నుంచి నాలుగు తెల్లగుడ్లు పెట్టి తానే పొదుగుతుంది. అయ్యగారు ఈలోగా పక్క కొమ్మకు మరో ముడి వేస్తుంటారు, మరో ఇల్లాలి కోసం. గూళ్లు ఎక్కువగా చెట్టుకు తూర్పు వైపునే కనిపిస్తాయి, నైరుతి గాలివానకు చాటని.

దిగువ మానేరు, కాకతీయ కాలువ నీళ్లొచ్చాక కరీంనగర్లో దీనికి దారానికి కరువు లేదు. ఎటు చూసినా వరే. కరువంతా చెట్టుకే. పూడ్చిన ప్రతి బావితో ఒడ్డున ఉన్న తుమ్మా పోతుంది, గట్టు వెడల్పు చేస్తే తాళ్లు పోతాయి. గౌడన్నలు ఎక్కే తాటివనం ఉన్న ఊళ్లో ఈ పిట్టకు ఇప్పటికీ నీడ దొరుకుతుంది.

ఆదిలాబాద్‌లో లెక్క వేరు. చెలకలన్నీ పత్తే. వెడల్పాటి పత్తి ఆకును ఎంత చీల్చినా దారం రాదు. పిల్లలకు పెట్టే పురుగులు మందు కొట్టిన చేనులో దొరకవు. అందుకే అక్కడ గిజిగాడి కోసం వాగు ఒడ్డు గడ్డి, జొన్న చేల అంచులు వెతకాలి.

జొన్న పాలుపోసుకునే వేళ గుంపుగా వాలితే రైతు మంచె ఎక్కి వడిసెల తిప్పుతాడు. అందులో ఆయన్ని తప్పుపట్టేదేమీ లేదు. నాకు నచ్చనిది పట్నం హోటళ్ల ముచ్చట. అలంకారానికని కొమ్మతో సహా గూళ్లు నరికి తెచ్చి దీపాలకు తొడుగుతున్నారు. గుడ్లున్న గూటిని కదిలించడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. గుడ్లు లేనిదీ ఖాళీ అనుకోనక్కర్లేదు. గిజిగాడు వదిలేసిన గూటిలో జీనువాయిలు పిల్లల్ని పెడతాయి, చెట్టెలుకలూ చేరతాయి. అంతగా కావాలనిపిస్తే, చలికాలం గాలికి రాలి గట్టు మీద పడ్డదాన్ని ఏరుకోవచ్చు.