కెచప్ అడగకూడని కొట్టు

న్యూహేవెన్‌లోని లూయీస్ లంచ్: ఇంట్లో బర్గర్ కాల్చేవాళ్లకు ఓ పాత బడి

అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం, న్యూహేవెన్ నగరం. యేల్ విశ్వవిద్యాలయానికి దగ్గర్లో, క్రౌన్ స్ట్రీట్ మీద ఇటుకలతో కట్టిన చిన్న గది. లోపల చెక్క బల్లల నిండా వచ్చిపోయినవాళ్లు చెక్కుకున్న పేర్లు. కెచప్ అడిగితే లేదంటారు. మస్టర్డ్, మయొనీజ్ కూడా అంతే.

ఇది లూయీస్ లంచ్. డెన్మార్క్ నుంచి వలస వచ్చిన లూయీ లాసెన్ 1895లో మొదలుపెట్టాడు. 1900లో హడావిడిగా వచ్చిన ఒకాయన నడుస్తూ తినడానికి ఏదైనా ఇమ్మంటే, కీమాను కాల్చి రెండు బ్రెడ్ ముక్కల మధ్య పెట్టి ఇచ్చాడనీ, అదే తొలి హాంబర్గర్ అనీ ఆ కుటుంబం చెబుతుంది. విస్కాన్సిన్‌లోని సీమోర్ ఊరివాళ్లు ఒప్పుకోరు. మా చార్లీ నాగ్రీన్ 1885లోనే జాతరలో అమ్మాడంటారు. ఈ తగువు ఇప్పట్లో తేలేది కాదు.

నిలువు పొయ్యి

తేలకపోయినా నష్టం లేదు. అసలు చూడాల్సింది పొయ్యిని. 1898 నాటి పోత ఇనుము గ్యాస్ పొయ్యిలు, నిలువుగా బీరువాల్లా ఉంటాయి. కీమా బిళ్లలను మడత తీగల చట్రంలో బిగించి, అరలో పుస్తకం దోపినట్టు లోపలికి దింపుతారు. రెండు వైపులా సెగ ఒకేసారి తగులుతుంది, తిప్పే పనే లేదు. కరిగిన కొవ్వు కిందికి జారిపోతుంది. బన్ను బదులు కాల్చిన బ్రెడ్. పైన చీజ్, టమాటా, ఉల్లిపాయ. అంతే.

1975లో పాత చోట పెద్ద భవనం కట్టాల్సి రావడంతో, కొట్టును ఉన్నది ఉన్నట్టే లేపి ఇప్పటి చోటికి తెచ్చారు. పొయ్యిలూ వెంట వచ్చాయి. నడిపేది ఇప్పటికీ ఆ కుటుంబమే.

మన పెరట్లో

అమెరికాలో వేసవి వస్తే మనవాళ్ల పెరళ్లలోనూ గ్రిల్ వెలుగుతుంది. అలాంటి నిలువు పొయ్యి ఇంట్లో ఉండదు కానీ, సాస్ కన్నా మాంసం మీదే శ్రద్ధ పెట్టాలని ఆ కొట్టు నేర్పే పాఠం మనకూ పనికొస్తుంది. మాంసం ఆ రోజే కీమా కొట్టించాలి. నూటికి ఇరవై పాళ్లు కొవ్వు ఉండాలి. బీఫ్ తినని ఇళ్లలో మటన్ కీమా వాడితే, మరీ కొవ్వు లేనిది పిడచకట్టుకుపోతుంది. ముద్దను గారెల పిండిలా పిసకొద్దు, బిగుసుకుంటుంది. బిళ్ల చేసి నడుమ బొటనవేలితో చిన్న గుంట నొక్కితే కాలేటప్పుడు ఉబ్బదు. ఉప్పు గ్రిల్ మీద వేసే ముందే చల్లాలి. అట్లకాడతో అదిమితే రసమంతా నిప్పుల పాలై మంట భగ్గుమంటుంది.

ఒక్క విషయంలో మాత్రం ఆ కొట్టును అనుకరించొద్దు. అక్కడ మామూలుగా ఇచ్చేది లోపల ఎర్రగా ఉండే బర్గరే. కీమా కొట్టినప్పుడు పైనున్న సూక్ష్మక్రిములు లోపలిదాకా కలిసిపోతాయి. అందుకే బీఫ్, మటన్ కీమా నడుమ 71 డిగ్రీల సెల్సియస్, చికెన్ కీమా అయితే 74 డిగ్రీలు రావాలని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. రంగు చూసి నమ్మొద్దు, థర్మామీటర్ గుచ్చి చూడండి.

ఈసారి గ్రిల్ వెలిగించినప్పుడు మొదటి బర్గర్‌ను సాస్ లేకుండా తిని చూడండి. దానికి రుచి లేకపోతే తప్పు మాంసానిదో, మంటదో. కెచప్‌ది మాత్రం కాదు.