కళాచరిత్రలో పీహెచ్‌డీ: యూనివర్సిటీ పేరు ముందా, గైడు ముందా?

మలేషియాలో మన ఇళ్ళల్లో చదువంటే మెడిసిన్, ఇంజనీరింగ్, అకౌంటెన్సీ. నేనూ సాఫ్ట్‌వేర్‌ వాడినే. అందుకే మా అక్కయ్య కూతురు "మావయ్యా, కళాచరిత్రలో పీహెచ్‌డీ చేస్తాను, ఎక్కడ చేరమంటావు?" అనగానే ఇంట్లో అందరూ ర్యాంకుల జాబితా తెరిచారు. ఆ జాబితా కంటే ముందు చూడవలసినవి నాలుగున్నాయి.

మొదటిది, పరిశోధించే వస్తువులు ఎక్కడున్నాయి? అమరావతి శిల్పాలనే తీసుకోండి. చాలా భాగం చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో, వందకు పైగా లండన్ బ్రిటిష్ మ్యూజియంలో, కొన్ని అమరావతిలోనే ఉన్నాయి. మన కెడా రాష్ట్రంలోని బుజాంగ్ లోయ ఆలయాల మీద పనిచేస్తే శిథిలాలూ, మ్యూజియమూ మెర్బోక్ దగ్గరే ఉన్నాయి. దగ్గర్లోని సుంగై బాతులో పెనాంగ్ సైన్స్ యూనివర్సిటీ వాళ్ళు 2009 నుంచి తవ్వకాలు జరిపారు. అయితే పెనాంగ్ ఎదుటి తీరాన దొరికిన బుద్ధగుప్తుడి శాసనం చూడాలంటే కోల్‌కతా వెళ్ళాలి. అంటే ప్రయాణాలకు డబ్బిచ్చే చోటు కావాలి.

రెండోది గైడు. ఆయన లేదా ఆమె రాసిన పుస్తకం ఒక్కటైనా చదివి, అప్పుడు ఉత్తరం రాయండి. త్వరలో రిటైరవుతున్నారా, వారి పాత విద్యార్థులకు ఎన్నేళ్ళు పట్టింది, ఇప్పుడు ఏ ఉద్యోగాల్లో ఉన్నారు అని మొహమాటపడకుండా అడగండి.

మూడోది భాషలు. అమరావతి శాసనాలు బ్రాహ్మీ లిపిలో, ప్రాకృతంలో ఉన్నాయి. బుజాంగ్ లోయకైతే సంస్కృతం, మలయ్ రెండూ కావాలి. అవి నేర్పేవాళ్ళు ఆ యూనివర్సిటీలో ఉన్నారో లేదో కనుక్కోండి.

నాలుగోది డబ్బు, కాలం. అమెరికాలో ముందు క్లాసులు, పరీక్షలు, ఆ తర్వాతే థీసిస్. ఆరేడేళ్ళు పట్టడం మామూలే. మంచి డిపార్ట్‌మెంట్లు ఫీజు రద్దు చేసి స్టైపెండు ఇస్తాయి. బ్రిటన్‌లో మూడు నాలుగేళ్ళే గానీ, మొదటి రోజుకే పరిశోధనాంశం తేలి ఉండాలి, విదేశీ విద్యార్థులకు ఫీజు బరువు. మలేషియాలో ఎక్కువగా థీసిస్ పద్ధతే, ఖర్చు తక్కువ.

మా అమ్మాయికి పేరున్న చోట సీటొచ్చింది, స్టైపెండు రాలేదు. అంతగా పేరు వినని ఇంకో చోట స్టైపెండుతోపాటు ఆమె విషయం మీదే పనిచేసే గైడు దొరికారు. అక్కయ్యా బావగారూ ఇల్లు తాకట్టు పెట్టైనా మొదటిదానికే పంపుతామన్నారు. వద్దన్నాను. మ్యూజియాల్లో, యూనివర్సిటీల్లో ఈ చదువుకు తగిన ఉద్యోగాలు కొద్ది. ముప్ఫై దాటాక ఆ వేటలో పడే పిల్ల నెత్తిన అప్పు కూడా ఉండకూడదు. వారం రోజులు ఇంట్లో మాటల్లేవు. చివరికి ఆ పిల్లే రెండోది ఎంచుకుంది.

అమెరికా దరఖాస్తులు సాధారణంగా డిసెంబరు, జనవరుల్లో ముగుస్తాయి. గైడుకు ఉత్తరం ఆగస్టులోనే వెళ్ళాలి.