డ్రైవ్‌లో వేసినంత మాత్రాన ఫొటోస్‌లోకి రావు

గూగుల్ డ్రైవ్‌లో వేసిన ఫొటోలు వాటంతటవే గూగుల్ ఫొటోస్‌లోనూ కనిపించే సదుపాయం 2019 జులై 10తోనే ఆగిపోయింది. అయినా నికాహ్, వలీమా ఫొటోలు, దాదా హజ్ నుంచి తెచ్చినవీ డ్రైవ్‌లో పెట్టేసి, రెండు చోట్లా భద్రంగా ఉన్నాయనుకునే ఇళ్లున్నాయి. ఉన్నది ఒక్క చోటే. ఫొటోస్‌లో లేవు కదా అక్కర్లేదేమోనని డ్రైవ్‌లోవి తుడిచేస్తే, చెత్తబుట్టలో 30 రోజులుండి పూర్తిగా పోతాయి.

ఫొటోస్‌లో కావాలంటే కంప్యూటర్ బ్రౌజర్‌లో ఫొటోస్ డాట్ గూగుల్ డాట్ కామ్ తెరిచి విడిగా అప్‌లోడ్ చేయాల్సిందే. అయితే రెండు చోట్లా పెడితే జాగా రెండింతలు పడుతుంది. ఉచితంగా దొరికేది జీమెయిల్‌తో కలిపి 15 జీబీయే. వీడియోలుంటే అది ఎటూ చాలదు. అన్నీ ఎక్కాయో లేదో ఫోన్‌లో తెరిచి చూసుకున్నాకే హార్డ్‌డిస్క్ ఖాళీ చేయండి.